ఎంగిలి బకెట్టు చుట్టూ తొమ్మిది పీరియడ్లు: బడిలో ప్రాజెక్టు ఎక్కడ చెడుతుంది, ఎలా నిలబెట్టుకోవాలి

పాఠం చివర ‘ప్రాజెక్టు పని’ అని రెండు మూడు వాక్యాలుంటాయి. రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం-2011 తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాల్లో అది మామూలే. నిర్మాణాత్మక మూల్యాంకనం (ఎఫ్.ఎ.)లో దానికి మార్కులూ ఉన్నాయి. అయినా చాలా బళ్ళల్లో జరిగేది ఒకటే. ఎఫ్.ఎ. మార్కులు ఎక్కించే వారం రాగానే "రేపటికల్లా ప్రాజెక్టులు తెండి" అంటాం. పిల్లలు నెట్ సెంటర్‌కో స్టేషనరీ షాపుకో పరిగెడతారు. మర్నాడు అతికించిన బొమ్మలతో చార్టులు, గైడులోంచి ఎత్తి రాసిన నాలుగు పేజీలు, స్కెచ్ పెన్నులతో తీర్చిదిద్దిన బార్డర్లు వస్తాయి. అందరికీ ఐదుకి నాలుగో నాలుగున్నరో వేసి బీరువా మీద పెట్టేస్తాం. ఆ నాలుగు పేజీల్లో ఏముందని రాసిన పిల్లనే అడిగి చూడండి, చెప్పలేదు.

ఇందులో పిల్లలను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ‘కాలుష్యం – రకాలు, నివారణ’ అని ఇస్తే వాళ్ళు చేయగలిగిన పని ఎత్తి రాయడమే. అందుకే ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు టీచరు చూసుకోవలసింది ఒక్కటుంది: ఈ ప్రశ్నను ఫోనులో అడిగితే జవాబు వస్తుందా? వస్తే ఆ ప్రశ్న ప్రాజెక్టుకి పనికిరాదు, ఇంకోటి వెతకాలి. ఇప్పుడు వాట్సాప్‌లోనే ఎ.ఐ.ని అడిగితే మూడు పేజీల వ్యాసం ముప్పై సెకన్లలో వస్తోంది. ‘పిల్లలు కాపీ కొట్టకుండా చూడాలి’ అని కాపలా కాయడం కన్నా, కాపీ కొట్టడానికి ఎక్కడా జవాబే లేని ప్రశ్న ఇవ్వడం సులువు.

ఉన్న ప్రశ్నను కాస్త మలుపు తిప్పితే చాలు. ‘నీటి పొదుపు’ అని చార్టు వేయించే బదులు బడి ఆవరణలో కారుతున్న ప్రతి కుళాయి కిందా కొలగ్లాసు పెట్టి, గంటకు ఎన్ని మిల్లీలీటర్లు పోతున్నాయో కొలిపించండి. నిమిషానికి 60 చుక్కలు కారే కుళాయి, చుక్కలు 20కి సుమారు ఒక మిల్లీలీటరు చొప్పున, రోజుకు నాలుగు లీటర్లకు పైగా పారేస్తుంది. ‘పొడుపు కథలు సేకరించండి’ అంటే పుస్తకం కొనుక్కొచ్చి ఎక్కిస్తారు. ‘మీ ఇంట్లోనో వీధిలోనో 50 ఏళ్ళు దాటిన ఇద్దరి నోట విన్నవి మాత్రమే రాయండి, చెప్పినవారి పేరు, వయసు, పుట్టిన ఊరు పక్కనే రాయండి’ అంటే అది కొనుక్కోవడానికి దొరకదు. ‘రోడ్డు భద్రత’ అంటే నినాదాలొస్తాయి. బడి గేటు ముందు ఉదయం అరగంటలో ఎన్ని లారీలు, ఎన్ని బైకులు వెళ్తున్నాయో ఐదేసి నిమిషాలకు లెక్కపెడితే పట్టిక వస్తుంది, ఆ పట్టికతో పంచాయతీకి రాయడానికి ఒక ఉత్తరం వస్తుంది.

ఇదేమీ మనకు పరాయి ఆలోచన కాదు. 1918లో అమెరికాలో విలియం కిల్‌పాట్రిక్ ప్రాజెక్టు పద్ధతి గురించి రాసిన వ్యాసం టీచర్ ట్రైనింగులో అందరూ చదివిందే. 1937లో వార్ధాలో గాంధీజీ పిలిచిన సమావేశంలో రూపుదిద్దుకున్న నయీ తాలీమ్ కూడా చేతిపని మధ్యలో పెట్టి లెక్కలు, సామాన్య శాస్త్రం, భాష దాని చుట్టూ చెప్పమంది. చిక్కంతా 40 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడు, ముందుకు నెట్టే సిలబస్ మధ్య దీన్ని ఎలా నడపాలన్న దగ్గరే ఉంది. అందుకని ఒక్క ప్రాజెక్టును తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. ఎక్కడెక్కడ చెడుతుందో దారిలోనే చెప్పుకుందాం.

ప్రాజెక్టు ఇది. ఎనిమిదో తరగతి, 40 మంది. ప్రశ్న: "మధ్యాహ్న భోజనంలో మన బడిలో రోజూ తలకు ఎంత అన్నం పారేస్తున్నాం? ఏ రోజు ఎక్కువ, ఎందుకు? ఎవరి కడుపూ మాడ్చకుండా దాన్ని సగానికి తగ్గించగలమా?"

పీరియడ్లు ఎక్కడి నుంచి తేవాలి

టీచర్లు ముందు చెప్పే ఇబ్బంది టైము లేదని. నిజమే. ప్రాజెక్టును పాఠం అయ్యాక చేసే అదనపు పనిగా పెట్టుకుంటే ఎప్పటికీ టైము ఉండదు. పాఠమే దానిలోంచి చెప్పాలి. సగటు, మధ్యగతం, శాతాలు, కమ్మీ రేఖాచిత్రం ఎలాగూ లెక్కల్లో చెప్పాలి. అందులో మూడు పీరియడ్లు ఇక్కడ వాడండి. ఆహారం, పోషకాల గురించి సామాన్య శాస్త్రంలో రెండు. నివేదిక, లేఖ, అభిప్రాయ సేకరణ తెలుగులో ఎలాగూ రాయించాలి కాబట్టి రెండు. మౌఖిక పరీక్షకు రెండు. మొత్తం తొమ్మిది, అంటే ఆరుమ్ముప్పావు గంటలు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు విద్యాహక్కు చట్టం చెప్పిన 1000 బోధన గంటల్లో ఇది ఒక శాతం కూడా కాదు. హెచ్.ఎం.గారికి ఈ లెక్క కాగితం మీద రాసి చూపిస్తే సగం అభ్యంతరాలు అక్కడే తీరిపోతాయి.

హైస్కూల్లో సబ్జెక్టు టీచర్లు వేరువేరు కాబట్టి అందరూ ఒప్పుకోవాలి. ముగ్గురు ఒప్పుకోకపోతే బతిమాలుతూ కూర్చోకండి. లెక్కల టీచరు ఒక్కరే ఐదు పీరియడ్లలో చిన్న రూపం చేయొచ్చు: తూకం, తలసరి, పట్టిక, రేఖాచిత్రం, మౌఖికం. రెండో ఏడు తెలుగు టీచరే వచ్చి కలుస్తారు. ఒకరిద్దరు టీచర్లే ఉండే ప్రాథమిక పాఠశాలల్లో ఈ తలనొప్పే లేదు. పీరియడు హద్దులు వాళ్ళ చేతిలోనే ఉంటాయి.

ఎప్పుడు చేయాలన్నదీ ముఖ్యమే. జూన్‌లో పుస్తకాలు, అడ్మిషన్ల హడావుడి. పదో తరగతికి దసరా తర్వాత స్పెషల్ క్లాసులు మొదలవుతాయి, వాళ్ళను దీనిలోకి లాగొద్దు. పత్తి తీసే రోజుల్లో, మిరప కోతల్లో హాజరు పడిపోయే ఊళ్ళల్లో జూలై, ఆగస్టే నయం. రంజాన్ మాసం, కార్తీకం, అయ్యప్ప దీక్షల కాలం వస్తే భోజనం లెక్కలు తారుమారవుతాయి. వేరే దారి లేక ఆ రోజుల్లోనే చేస్తుంటే పట్టికలో ‘ప్రత్యేక కారణం’ అని ఒక గడి పెట్టి రాయించండి.

మొదలుపెట్టే ముందు వంటవాళ్ళతో మాట్లాడండి

దీన్ని మరిచిపోతే ప్రాజెక్టు రెండో రోజే ఆగిపోతుంది, అలా ఆగడమే న్యాయం కూడా. పిల్లలు కాటా పట్టుకుని వంటగది దగ్గర నిలబడితే, తమ వంట మీద ఫిర్యాదు రాస్తున్నారని వంట చేసే అమ్మలు అనుకుంటారు. అలా అనుకోవడం సహజం. తక్కువ గౌరవ వేతనంతో, చాలాసార్లు బిల్లులు ఆలస్యమైనా సొంతంగా అప్పు తెచ్చి వండిపెట్టేవాళ్ళు వాళ్ళు. ముందురోజే టీచరు వెళ్ళి, "అమ్మా, పిల్లలు పళ్ళెంలో వదిలేసేది ఎంతో వాళ్ళచేతే లెక్క వేయిస్తున్నాం. వంట గురించి కాదు. మీకు తెలిసింది మాకు చెప్పాలి" అని కూర్చుని చెప్పాలి. ఫలితాలు అందరికన్నా ముందు వాళ్ళకే చూపిస్తామని మాటివ్వాలి, నిలబెట్టుకోవాలి. ఏ రోజు ఎంత మిగులుతుందో, ఎవరు మొహమాటంతో మారు అడగరో వాళ్ళకు తెలిసినంతగా బడిలో ఇంకెవరికీ తెలియదు. పిల్లలు చేసే మొదటి ఇంటర్వ్యూ వాళ్ళదే కావాలి.

తల్లిదండ్రులకూ ఒక మాట చెప్పాలి. "చదువు మానేసి చెత్త తూపిస్తున్నారు" అన్న మాట ఊళ్ళో పాకితే దించడం కష్టం. తల్లిదండ్రుల సమావేశం దగ్గర్లో లేకపోతే నాలుగు వాక్యాల చీటీ పంపండి: ఏం చేస్తున్నారు, ఎన్ని రోజులు, ఏ పాఠం కోసం, ఎంగిలి ఎవరూ చేత్తో ముట్టరు.

ఆ చివరి వాక్యం తప్పనిసరి. ఎంగిలి అన్నది మన దగ్గర తేలిక మాట కాదు. ఎంగిలి బకెట్టు ఎవరెత్తాలి అన్న దగ్గర కులం గుర్తుకొచ్చే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. తెలియకుండానే ఆ పని ఎప్పుడూ అదే ఇద్దరు ముగ్గురు పిల్లల మీద పడుతుంది. ఆడపిల్లలు అందంగా రాస్తారని వాళ్ళకు పుస్తకం, మగపిల్లలకు కాటా అన్న విభజన కూడా అంతే మెల్లగా వచ్చి కూర్చుంటుంది. కాబట్టి నియమం ముందే పెట్టండి: ఎవరి పళ్ళెం వాళ్ళే బకెట్టులో దులపాలి. బకెట్టు ఎత్తడం, రాయడం, లెక్క కట్టడం హాజరుపట్టీ నంబరు వరుసలో తిరుగుతాయి. ఎవరికీ మినహాయింపు లేదు. మొదటి రోజు బకెట్టు టీచరే ఎత్తితే మాటలు అక్కర్లేదు.

కావలసినవి

మూతలున్న 15 లీటర్ల బకెట్లు రెండు. లగేజీ తూచే కొక్కెం కాటా ఒకటి. 10 గ్రాముల తేడా చూపించేది చాలు, ఐదారు వందల లోపే వస్తుంది, లేదా కిరాణా కొట్టు నుంచి మూడు వారాలకు అరువు తెచ్చుకోవచ్చు. ఒక లాంగ్ నోటుబుక్, చేతులకు సబ్బు, అంతే. చార్టులు, థర్మోకోల్ కొనిపించవద్దు. ప్రాజెక్టు అంటే ఇంట్లో వంద రూపాయలు అడగాలన్న భయం కూలి ఇళ్ళ పిల్లలకు ఉంటుంది. ఖర్చు అవసరం లేదని మొదటి రోజే గట్టిగా చెప్పండి.

కాటాను నమ్మే ముందు సరిచూడాలి. లీటరు నీళ్ళ సీసాలు రెండు నింపి సంచిలో పెట్టి తగిలిస్తే రెండు కిలోల పైన కొంచెం చూపాలి. ఆ కొంచెం సీసాలు, సంచి బరువు. ఇది పిల్లలచేతే చేయించండి. కాటా తప్పు చూపొచ్చన్న సంగతే వాళ్ళకు కొత్త. బకెట్టు ఊగుతుంటే అంకె మారుతూనే ఉంటుంది, నిలిచాకే చదవాలి. ఖాళీ బకెట్టు బరువు ఒక్కసారి తూచి అదే వాడేస్తే తడి వల్ల రోజూ తేడా వస్తుంది. రోజూ కడిగి, ఆరాక తూచాలి.

ఎనిమిది గ్రూపులు, పది రోజులు

40 మందిని నాలుగు పెద్ద గ్రూపులు చేస్తే ఒక్కో దాంట్లో పదిమంది ఉంటారు. ముగ్గురు పని చేస్తారు, ఏడుగురు చూస్తారు. ఐదుగురు చొప్పున ఎనిమిది గ్రూపులు చేయండి. చీటీలు వేసి కలపండి. స్నేహితులను కలిసి కూర్చోనిస్తే ఒకే వీధి పిల్లలు ఒకచోట చేరతారు. ర్యాంకుల ప్రకారం కలిపితే ఒక్కడే అంతా చేసి మిగతావాళ్ళు సంతకం పెడతారు. ముఖ్యమైన పనులకు ఇద్దరేసి ఉండాలి: తూచేది ఇద్దరు, రాసేది ఇద్దరు, సరిచూసేది ఒకరు. ఒకరు రాకపోయినా ఆ రోజు లెక్క ఆగకూడదు.

మొదటి రెండు రోజులు అలవాటు రోజులు. వీటి అంకెలు రాయండి కానీ చివరి లెక్కలో కలపకండి. కాటా పెట్టిన మొదటి రోజు అందరూ పళ్ళెం నున్నగా నాకేస్తారు, కొందరు చెట్టు వెనక్కి వెళ్ళి కుక్కకు వేస్తారు. మూడో రోజుకి ఆ బిడియం పోతుంది. ఎవరో చూస్తున్నారంటే మనుషులు మారతారన్నది పిల్లలు స్వయంగా కనుక్కునే మొదటి విషయం, దాన్ని తొందరపడి మీరే చెప్పేయకండి. బకెట్లు చేతులు కడిగే కుళాయిల దగ్గరే పెడితే దొంగచాటు పారబోత తగ్గుతుంది. పిల్లల పేర్లు ఎక్కడా రాయకూడదు. ‘సెవెన్త్ బి వాళ్ళే ఎక్కువ పారేస్తారు’ అన్న మాట పుడితే తర్వాత అక్కడి నుంచి నిజం బయటికి రాదు.

ఆపై ఎనిమిది రోజులు, రోజుకొక గ్రూపు తూస్తుంది. రోజుకు రాయవలసినవి ఐదే: ఆ రోజు వంట, తిన్నవారి సంఖ్య, ఖాళీ బకెట్టు బరువు, నిండిన బకెట్టు బరువు, ప్రత్యేక కారణం. తిన్నవారి సంఖ్య హాజరుపట్టీ నుంచి తీసుకోకండి. ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకునేవాళ్ళు ఉంటారు, కాబట్టి వడ్డించే వరుసలోనే లెక్కపెట్టాలి. అరటి తొక్కలు, గుడ్డు పెంకులు, కరివేపాకు, మునక్కాడ పిప్పి అన్నం కావు. గుడ్డు రోజున పెంకులకు వేరే డబ్బా పెట్టకపోతే ఆ రోజు అంకె ఉబ్బిపోతుంది. సాంబారు రోజున నీళ్ళు కలిసి బరువు పెరుగుతుంది. దాన్ని పూర్తిగా వేరు చేయలేం కాబట్టి పట్టిక కింద ఆ లోపాన్ని ఒక వాక్యంలో రాయించండి. తూచిన గంటలోపు బకెట్టు ఖాళీ కావాలి, లేకపోతే ఈగలు. చాలా ఊళ్ళల్లో ఇది ఎవరింటి కుడితి తొట్టిలోకో పోతుంది. "గేదె తింటోంది కదా, ఇక వృథా ఏముంది?" అని ఏ పిల్లాడో అడుగుతాడు. అడగనివ్వండి. దాని మీద అరగంట వాదన జరిగితే అది సాంఘిక శాస్త్రం పీరియడే.

ఈ లెక్కలో అసలు పాఠం ఎక్కడుంది

ఉదాహరణకు కొన్ని అంకెలు వేసుకుందాం. సోమవారం 180 మంది తిన్నారు. ఖాళీ బకెట్టు 0.8 కిలోలు, నిండాక 9.2. అంటే వదిలేసింది 8.4 కిలోలు. శనివారం 120 మందే తిన్నారు, వదిలేసింది 7.2 కిలోలు. పిల్లల్లో చాలామంది ‘శనివారం తగ్గింది’ అని రాస్తారు. తలసరి కట్టించండి: సోమవారం 8400ని 180తో భాగిస్తే 47 గ్రాములు, శనివారం 7200ని 120తో భాగిస్తే 60 గ్రాములు. మొత్తం తగ్గింది, తలసరి పెరిగింది. సగటు అన్నది ఎందుకు పుట్టిందో బోర్డు మీద పది లెక్కలు చేసినా ఇంత బాగా తెలియదు. ఈ పీరియడు తొందరపడకుండా నడపండి, మొత్తం ప్రాజెక్టులో దీనికే విలువ ఎక్కువ.

తర్వాత గ్రాములను మనుషుల్లోకి మార్చాలి. పథకం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిది వాళ్ళకు 150 గ్రాములు. బియ్యం ఉడికితే బరువు ఎంతవుతుంది? వంటమ్మ సాయంతో 100 గ్రాములు విడిగా వండించి తూయండి. బియ్యాన్నిబట్టి, పోసిన నీళ్ళనుబట్టి 250 నుంచి 300 గ్రాములవుతుంది. ఆ లెక్కన సోమవారం వదిలేసిన 8.4 కిలోల అన్నం 2.8 నుంచి 3.4 కిలోల బియ్యం. తలకు 150 గ్రాముల చొప్పున అది 19 నుంచి 22 మంది పిల్లల ఒక పూట బియ్యం. అందులో పప్పూ కూరా కూడా ఉన్నాయి కనుక అసలు సంఖ్య ఇంకాస్త తక్కువే ఉండొచ్చు, ఈ మాట కూడా రాయించాలి. ఒకే అంకె కాకుండా ‘ఇంత నుంచి ఇంత’ అని చెప్పడం తప్పు కాదని, నిజాయితీ అని పిల్లలు ఇక్కడ నేర్చుకుంటారు.

తూకం లేని రోజుల్లో గ్రూపులు ఖాళీగా ఉండకూడదు. ఒక గ్రూపు గరిటె తూస్తుంది: పది గరిటెల అన్నం విడివిడిగా తూచి సగటు కట్టాలి, ఆరో తరగతి బక్కపిల్లకూ పదో తరగతి పిల్లాడికీ అదే గరిటె పడుతోందా చూడాలి. ఇంకో గ్రూపు వాచీ పట్టుకుంటుంది: వరుసలో చివరివాడికి తినడానికి ఎన్ని నిమిషాలు మిగిలాయి? మరో గ్రూపు ఇంటర్వెల్లో బడి ముందు బండి దగ్గర ప్యాకెట్లు కొనేవాళ్ళను లెక్కపెడుతుంది. పొద్దున రాగిజావ ఇచ్చే బడి అయితే జావ ఉన్న రోజు, లేని రోజు పోల్చొచ్చు. కారణాలు అడిగే గ్రూపుకు ఒక జాగ్రత్త చెప్పాలి. "అన్నం ఎందుకు పారేశావు?" అని మొహం మీద అడిగితే ఎవరూ నిజం చెప్పరు, అది విచారణలా ఉంటుంది. ఎక్కువ పెట్టారు, కూర నచ్చలేదు, టైము చాలలేదు, ముందే ఏదో తిన్నాను, ఆకలి లేదు అని ఐదు గళ్ళ చీటీ చేసి, పేరు లేకుండా టిక్కు పెట్టి డబ్బాలో వేయమనాలి. ముందు ఐదుగురి మీద ప్రయత్నించి, అర్థం కాని మాట ఉంటే మార్చి, అప్పుడు 60 మందికి ఇవ్వాలి.

ఇంగ్లిష్ మీడియం తరగతుల్లో ఇంకో గొడవ. చర్చ ఇంగ్లిష్‌లోనే జరగాలని పట్టుబడితే నలుగురే మాట్లాడతారు. మాటలు, నోట్సు తెలుగులోనే సాగనివ్వండి. చివరి ఒక పేజీ నివేదిక మాత్రం ద్విభాషా పుస్తకంలో ఉన్న పదాల సాయంతో ఇంగ్లిష్‌లో రాయించండి. తమకు తెలిసిన విషయం కాబట్టి రాయగలుగుతారు.

క్లాసు గోల, ఖాతా పుస్తకం

గ్రూపు పని అనగానే బెంచీలు జరపడంలోనే పది నిమిషాలు పోతాయి. ఎనిమిది స్థలాలు నేల మీద సుద్దతో గుర్తుపెట్టి మూడు వారాలూ మార్చకండి. 45 నిమిషాల్లో ఐదు నిమిషాలు ఆ రోజు తేలవలసింది బోర్డు మీద రాయడానికి, పాతిక పనికి, పది చెప్పడానికి, ఐదు నోటుబుక్కులో రాసుకోవడానికి. బోర్డు మీద రాసేది ‘చర్చించండి’ అని ఉంటే గోలే మిగులుతుంది. ‘నాలుగు రోజుల తలసరి పట్టిక, ఒక్క వాక్యం’ అని ఉంటే పక్క క్లాసు టీచరు ఫిర్యాదు చేసేంత గోల రాదు. కొంత గోల ఉంటుంది, దాన్ని భరించాలి.

రోజూ 40 నోటుబుక్కులు దిద్దాలనుకుంటే మూడో రోజుకి చేతులెత్తేస్తారు. రోజుకు ఒక గ్రూపువే, ఐదు పుస్తకాలు, ఒక్కో పేజీ చూడండి. గ్రూపు రికార్డు ఒక్కటే ఉంటే అందులో ఎవరి పని ఎంతో తేలదు, అందుకే తూచిన రోజు పేజీ ప్రతి ఒక్కరి పుస్తకంలో వాళ్ళ చేతిరాతతో ఉండాలి.

మూడో వారం: మార్చి చూడటం

చాలా ప్రాజెక్టులు చార్టు గోడకెక్కగానే ఆగిపోతాయి. కనుక్కున్న కారణం మీద ఏదో ఒకటి మార్చి, మళ్ళీ నాలుగు రోజులు తూయకపోతే పిల్లలకు మిగిలేది సమాచారం మాత్రమే. ‘ఎక్కువ పెట్టారు’ అన్న చీటీలు ఎక్కువ వస్తే మామూలుగా తేలే పరిష్కారం: మొదట సగం గరిటె, ఆపైన ఎన్నిసార్లయినా మారు. ఇది వంటవాళ్ళు ఒప్పుకుంటేనే చేయాలి, ఎందుకంటే వడ్డన పని వాళ్ళకు పెరుగుతుంది. మారు వరుస వేరేగా ఉండాలి, లేకపోతే మళ్ళీ చివర నిలబడటానికి బద్ధకించి సగం కడుపుతో లేచిపోతారు. సిగ్గరులు, చిన్న తరగతుల పిల్లలు మారు అడగరు. తూచే గ్రూపులో ఒకరు పళ్ళెం ఖాళీ అయినవాళ్ళ దగ్గరికి వెళ్ళి "ఇంకా వేయించుకుంటావా?" అని అడగాలి. వృథా తగ్గిందని సంబరపడే ముందు, వండిన అన్నం వంటగది గిన్నెలో ఎంత మిగిలిందో కూడా తూయండి. అంతే మందికి అంతే వండినప్పుడు, పళ్ళెంలో తగ్గినదానికన్నా గిన్నెలో పెరిగింది ఎక్కువైతే పిల్లలు తక్కువ తిన్నారనే అర్థం. ఒక్క రోజు అలా కనిపించినా మార్పు వెనక్కి తీసుకోవాలి. ఆ పూట తప్ప గట్టి తిండి దొరకని పిల్లలు మన బళ్ళల్లో ఉన్నారు. వాళ్ళ పళ్ళెం మీద ప్రయోగాలు చేయకూడదు.

ఒక్కోసారి ఏం చేసినా అంకె తగ్గదు. అప్పుడు అంకెలు దిద్ది తెచ్చే గ్రూపు ఒకటి తప్పకుండా ఉంటుంది, తగ్గితేనే మార్కులని వాళ్ళు అనుకుంటారు కాబట్టి. ఫలితానికి మార్కులు లేవని మొదటి రోజు, మధ్యలో, మూడో వారం మొదట్లో, మూడుసార్లు చెప్పండి.

ఐదు మార్కులు

తెలంగాణలో ఎఫ్.ఎ. 20 మార్కుల్లో ప్రాజెక్టు పనికి ఐదు. వాటిని ఇలా పంచుకోవచ్చు: తాను తూచిన రోజు పేజీకి ఒకటి, కొత్త అంకెలిస్తే తలసరి కట్టి పోల్చినందుకు రెండు, లెక్కలో ఉన్న ఒక లోపం తనంతట చెప్పినందుకు ఒకటి, గ్రూపులో తన వంతు పని చేసినందుకు ఒకటి. అందానికి, అట్టకి, రంగులకి సున్నా. ఈ చివరి మాట ముందే చెప్పకపోతే పిల్లలు పాత అలవాటునే పోతారు.

మౌఖికం మనిషికి రెండు నిమిషాలు. 40 మందికి 80 నిమిషాలు, అంటే రెండు పీరియడ్లు. తమ గ్రూపు తూయని రోజు అంకెలు ఇచ్చి అడగండి. "బుధవారం 150 మంది, 6 కిలోలు, శుక్రవారం 100 మంది, 5 కిలోలు. ఏ రోజు నయం?" 40, 50 అని కట్టి, బుధవారం అని చెప్పి, ఎందుకో చెప్పగలిగిన పిల్లకు పాఠం వచ్చినట్టే. చార్టు అద్భుతంగా వేసి ఇక్కడ తడబడే పిల్లలు కనిపిస్తారు. తూకం దగ్గర తప్ప ఎక్కడా నోరు విప్పని పిల్లాడు గబుక్కున చెప్పేస్తాడు. పాత పద్ధతిలో ఈ రెండోవాడికి మనం రెండున్నర వేసి ఉండేవాళ్ళం.

ప్రదర్శన రోజు ఎనిమిది గ్రూపులూ వేదిక ఎక్కి అవే అంకెలు చదివితే మూడో గ్రూపుకే అందరూ ఆవలిస్తారు. గోడకు ఎనిమిది కాగితాలు, ఒక్కో గ్రూపుకు ఒక్కటే విషయం: గరిటె, వాచీ, చీటీలు, శనివారం. సగం మంది తమ కాగితం దగ్గర నిలబడి చెప్తారు, సగం మంది తిరిగి చూస్తారు. పదిహేను నిమిషాలకు మారిపోతారు. వంటవాళ్ళను అంతకు ముందురోజే పిలిచి చూపించండి. వాళ్ళు ‘ఇది తప్పు’ అన్న దగ్గర పిల్లలచేత దిద్దించండి. ఆ తర్వాత హెచ్.ఎం., బడి కమిటీ సభ్యులు, తల్లిదండ్రులు.

ఏడాదికి ఈ తరహా పెద్ద ప్రాజెక్టు ఒక్కటి చాలు. మిగతా ఎఫ్.ఎ.లకు మూడేసి పీరియడ్లలో అయిపోయే కుళాయి చుక్కల లెక్క, పెద్దవాళ్ళ పొడుపు కథలు పెట్టుకోండి. లాంగ్ నోటుబుక్ మాత్రం పారేయకుండా, కాటాతో సహా బీరువాలో పెట్టండి. వచ్చే ఏడు ఎనిమిదో తరగతి మొదటి పీరియడులో ఆ పుస్తకం వాళ్ళ ముందు పెట్టి, "పోయినేడు మీ సీనియర్లు తూచింది ఇది. ఇందులో ఏం తప్పు చేశారో వెతకండి" అనండి.